మసకగా వచ్చిన టైవో

అది కాదమ్మా, ఆ ముసిబావు గాడు ఏమన్నాడో తెలుసా? "ఏమయ్యా బాబా ఫోటో, ఇంకా ఆ డబ్బాల నిండా ఫిల్ములేంటి, చెదపురుగులకి భోజనం పెడుతున్నావా?" అన్నాడు. నలుగురి ముందు! వాడు ఫోన్లు బాగుచేసుకునేవాడు. నేను ఈ ఎడే ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నవాణ్ణి. ఉక్రోషం రాదా?

అయ్యో, లేవకండి ఇయా ఇబేజీ, కవలల తల్లీ. ఇంకాసేపు కూర్చోండి. ఈ నీళ్ల ప్యాకెట్ తాగండి. ఆ కవరు ఒళ్లో పెట్టుకోండి, ఎక్కడికీ పోదు.

ఆ ఉక్రోషంలో, ఉన్న ఫిల్ములన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశాను. ఎక్కించాక ఫిల్ములు తగలబెట్టాను. అవును, నేనే, పెరట్లో. దాచి ఏం లాభం ఇప్పుడు!

ఎక్కిస్తే చాలదట, వాటిని సర్దడానికి సాఫ్ట్‌వేర్ కావాలట. ముసిబావు రెండు చూపించాడు. ఒకదాంట్లో ప్రతి ఫోటో కిందా మనమే రాసుకోవాలి. ఎవరు, ఏ ఏడు, ఎవరి పెళ్లి అని. పదకొండు వేల ఫోటోలమ్మా! రెండోదానికి ఏమీ చెప్పక్కర్లేదు. మొహాలు అదే పోల్చుకుంటుంది, అదే సర్దేస్తుంది. ఒకేలా ఉన్నవి రెండుంటే ఒకటి తీసిపారేస్తుంది. మీరైతే ఏది తీసుకునేవారు?

మీరు మొదటిదే తీసుకుంటారు లెండి. ఇప్పటికీ బొబ్బర్లు ఉడికిస్తే కవలలిద్దరికీ అని రెండు పళ్లేల్లో వడ్డించే మనిషి. నాకే ఒళ్లు వంగలేదు. రెండోదే కావాలన్నాను.

సగం రోజు గుర్రుగుర్రుమని, చివరికి అడిగింది. ఒకేలా ఉన్నవి మూడు వందల పన్నెండు దొరికాయి, చూసుకుంటావా, తీసేయమంటావా అని. అడిగిందమ్మా, అడక్కుండా ఏం చెయ్యలేదు. కరెంటు పోతుందేమోనని నాకు తొందర. తీసేయ్ అని నొక్కాను.

దానికేం తెలుసు మన పద్ధతి? కవలల్లో ఒకరు పోతే, ఉన్న బిడ్డనే రెండుసార్లు కూర్చోబెట్టి ఫోటోలు తీసి, పక్కపక్కన అతికిస్తామని దానికెవరు చెప్పారు? అదే గౌను, అవే పూసలు, అదే స్టూలు. దానికి తెలీదు, సరే. నాకు తెలుసుగా! తీసిన చెయ్యి నాదేగా!

గుర్తుందా ఆ రోజు? టైవో తట్టు పోసి పోయి నెల కూడా కాలేదు. మిగిలిన కెహిండేకి నాలుగేళ్లు. మొదటిసారి నవ్వకుండా బుద్ధిగా కూర్చుంది. రెండోసారి మీరు నా వెనక నిలబడి "టైవో!" అని పిలిచారు. అది నా పేరు కాదని అనలేదు ఆ పిల్ల. తల ఇలా తిప్పి కిసుక్కున నవ్వింది. మీరు తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకున్నారు. తల తిప్పిన ఆ క్షణంలోనే నొక్కాను. ఫోటో కాస్త మసకగా వచ్చింది.

రెండింట్లో మసకగా ఉన్నదాన్నే తీసేస్తుందట ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్.

సోమవారం మీరొచ్చి, ఇంటి కప్పు కారి గోడమీది ఆ జంట పటం వెలిసిపోయిందన్నారు. శనివారం కెహిండే పెళ్లి, పక్కన టైవో లేకుండా దాన్ని అత్తారింటికి ఎలా పంపనన్నారు. నేనేమన్నాను? "నా దగ్గరుంది, శుక్రవారం రండి" అన్నాను. అప్పటికి వెతకనైనా లేదు. తర్వాత మూడు రోజులు వెతికాను. ముసిబావు కాళ్లు కూడా పట్టుకున్నాను. లేదమ్మా. ఎక్కడా లేదు.

అందుకని... ఇటు చూడకండి. మీరలా చూస్తే చెప్పలేను.

కెహిండే ఫోటోనే ఇంకోసారి పెట్టాను. అటు మొహం ఇటు తిప్పాను. కావాలనే కాస్త మసక చేశాను. ముప్పై ఏళ్ల పనితనం అంతా దాంట్లో పెట్టాను, సిగ్గులేనివాణ్ణి!

ఇందాక మీరు కవరు తెరిచి, కుడివైపు బొమ్మకి ముద్దు పెట్టుకున్నారు. "నా టైవో" అన్నారు. తర్వాత వెలుతురులోకి పట్టుకుని, "ఇది నవ్వుతూ ఉండాలే, నా కళ్లకే ఆనడం లేదు, ముసలిదాన్నైపోయాను" అన్నారు. నేను ఊఁ కొట్టాను. ఊఁ కొట్టానమ్మా!

మీ కళ్లు బాగానే ఉన్నాయి.