కొంగ రాని శుక్రవారం

దోహాలో, మదీనత్ ఖలీఫాలోని ఒక విల్లాలో లూర్దమ్మకు పిల్లల్ని చూసుకునే పని. శుక్రవారం సాయంత్రం ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్ళగానే టీవీ ముందు కూర్చుని, రాయచోటిలో పెద్దమ్మ దగ్గర పెరుగుతున్న కూతురికి ఫోన్ చేస్తుంది. అక్కడ కూతురు, ఇక్కడ తల్లి ఒకే బొమ్మల కథ చూస్తారు. కథకు ముందు, దాన్ని తీసిన కంపెనీ గుర్తుగా ఒక కొంగ తెర మీదికి వస్తుంది.

"పెట్టినావా పాపా?"

"పెట్టినానమ్మా."

"కొంగ వచ్చిందా?"

"వచ్చింది. ముక్కుతో కంపెనీ పేరు రాస్తాంది."

లూర్దమ్మ ముందున్న తెర మీద తెల్లటి అక్షరాల్లో కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు.

"ఈ పొద్దు కొంగ లేదు పాపా."

"ఏంది?"

"ఆ కంపెనీని ఏదో చలిదేశంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు పశువుల కొట్టంలో మొదలుపెట్టినారంట. ముసలోళ్ళయి అమ్మేసినారంట. కొన్నోళ్ళు కొంగను తీసేసినారని మా మేడమ్ కూతురు చెప్పింది."

లూర్దమ్మ ఫోన్ చెవికి ఆనించి వింది. అవతల టీవీ చప్పుడే లేదు.

"నువ్వు టీవీ పెట్టలేదు కదా?"

"పెట్టలేదమ్మా. బొమ్మలు చూసేది మానేసి చానా దినాలైంది."

"మరి వారం వారం చూస్తాండా అంటివే?"

"నువ్వు నవ్వుతావు కదా, అది వింటాంటి. చెప్తే నువ్వొక్కదానివే చూడాల్సొస్తాదని చెప్పలేదు."

లూర్దమ్మ టీవీ కట్టేసింది. ఆమె కళ్ళలో ఇంకా ఒళ్ళో కూర్చుని కొంగను చూసి చప్పట్లు కొట్టిన పిల్లే ఉంది. ఫోన్లో ఉన్నది ఎదిగిన పిల్ల.

"అమ్మా, ఉండావా?"

"ఉండా. ఇప్పుడు నీకు ఏమంటే ఇష్టం పాపా?"