సంబంధం మాట్లాడ వచ్చిన మనిషి

1959 ఎండాకాలం. గురుబరపల్లిలో బండిచక్రాలు చేసే ముత్యాలప్ప ఇంటి అరుగు. అతని తల్లి అంగాళమ్మ, పెళ్ళిసంబంధం మాట్లాడాలని బస్సు దిగి వచ్చిన కేశవప్ప ఎదురెదురుగా కూర్చున్నారు.

“మజ్జిగ తాగన్నా, ఎండన పడి వచ్చినావు. ఏ ఊరంటివి?”

“కల్లావి పక్కనమ్మా. పిల్లోడు యాడ?”

“లోపల పండుకోనుండాడు. రాత్రంతా చక్రం పని. అలిసిపోయినాడు.”

“ఎంతసేపాయె పండుకొని?”

“ఇప్పుడే.”

“ఇప్పుడేనా?”

“పొద్దున... పొద్దున్నించీ అనుకో. నీ కూతురి పేరేమన్నా?”

“గురక అట్లుందేమమ్మా?”

“మొగోళ్ళు గురక పెట్టరా? మా ఇంటాయన పెడితే వీధిలో కుక్కలు లేచేవి.”

“అది వేరే. ఇది గొంతులో నీళ్ళు గుడగుడమన్నట్ల లేదా? ఒకటి లాగి, ఎంతసేపటికో ఇంకొకటి.”

“జలుబు చేసింది. నీ కూతురు పేరంటే చెప్పవేం?”

“ఒకసారి లేపమ్మా. చూసి పోతాను.”

“లేపితే వాడికి కోపం. నిద్రమబ్బులో మాట కూడా రవంత తడబడుతుంది. అది చూసి నువ్వేమో అనుకుంటావు.”

“ఎన్నాళ్ళనించి తడబడుతాంది?”

“సంబంధానికి వచ్చినావా, పోలీసోడివా?”

“బెంగళూరు మాత్రలు గదమ్మా?”

“ఏం మాత్రలు?”

“నిద్రమాత్రలు. సారాయి అంగళ్ళు మూసిండారు గదా, పిల్లోళ్ళు హోసూరులో దొంగతనంగా కొని మింగేవి.”

“మావాడు అట్లాంటోడు కాదు.”

“అమ్మా.”

“కాదంటి గదా. ఎప్పుడో సరదాకి. తాగి గలాటా చేసేదానికంటే మేలు గదన్నా? మింగి పండుకుంటాడు, ఒకరి జోలికి పోడు. ఒక్కోసారి మింగింది మరిచిపోయి మళ్ళీ మింగుతాడు. అంతే.”

“నిలపాలని చూడలేదా?”

“చూడకేం? గదిలో పెట్టి గొళ్ళెం వేస్తిమి. మర్నాడు కాళ్ళూ చేతులూ కొట్టుకొని నురగ కక్కినాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించినాము. మళ్ళా మాత్ర మింగినంకనే తేరుకున్నాడు. నేనేం చేసేదన్నా?”

“అది గాలి కాదమ్మా. ఆ మాత్రకు అలవాటైన ఒళ్ళు. ఉన్నట్టుండి నిలిపితే అట్ల ఫిట్సు వస్తుంది. డాక్టరు చేతిలో పెట్టి, కొంచెం కొంచెంగా మాన్పించాల. రాత్రి సారాయి ఏమన్నా తాగినాడా? దాచొద్దు.”

“కొండపక్క దొంగగా కాస్తారు గదా. రవంత...”

“రెండూ కలిపినాడా. తలుపు తియ్.”

“ఉండన్నా, గురక నిలిచింది. ఇప్పుడు నెమ్మదిగా నిద్ర పట్టింది వాడికి.”

“అది నిద్ర కాదు. తియ్యమ్మా తలుపు.”

“ముత్యాలూ. నాయనా, లే. లేప్పా. అన్నా, పెదాలెందుకు ఇట్ల నల్లగా...”

“పక్కకు తిప్పు. నోట్లో కక్కిండేది వేలితో తియ్. నీళ్ళు పొయ్యొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. రొమ్ము కదులుతాంది చూడు, ఉండాడు, ఇంకా ఉండాడు. పేరు పెట్టి పిలుస్తానే ఉండు. నేను రోడ్డుకు పోయి లారీ ఏదన్నా నిలుపుతాను.”

ఆ సాయంత్రం, కృష్ణగిరిలో ఆసుపత్రి వరండా.

“డాక్టరు ఏమన్నాడన్నా?”

“ప్రాణానికి భయం లేదంట. ఊపిరి అందక తలకేమన్నా దెబ్బ తగిలిందేమో, లేచి మాట్లాడితేగాని చెప్పలేనన్నాడు.”

“ఉలి పట్టుకునే చెయ్యి అన్నా అది. ఇప్పటికే వణుకుతాంది.”

“ముందు లేవనీ అమ్మా.”

“నువ్వు రాకపోయింటే దుప్పటి కప్పి నీళ్ళకు పోయుందును. నిద్రపోతాండాడు గదా అని.”

“అట్లనే అనుకుంటారు ఎవరైనా.”

“నీకివన్నీ ఎట్ల తెలుసు?”

“తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.”

“ఇంక నీ కూతుర్ని మా ఇంటికి ఇయ్యవు. ఇయ్యమని నేను అడగను కూడా.”

“నాకు కూతురు లేదమ్మా.”

“లేదా? మరి ఎందుకొచ్చినావు?”

“మాత్రల మాట ఎత్తితే వాకిట్లో నిలవనిస్తావా? అందుకే సంబంధం అంటిని, ఊరు కూడా మార్చి చెప్తిని.”

“ముక్కూమొగం తెలీనోడివి, నీకెందుకన్నా మావాడి మీద ఇంత... కన్నబిడ్డ మాదిరి ఎత్తుకొని లారీ ఎక్కించినావు. నా బిడ్డ మంచోడన్నా. రాయకోటోడు ఒకడుండాడు, తిమ్మరాజని. వాడే నేర్పించినాడు ఇదంతా. ఈమధ్య మొగం కూడా చూపించలేదు. వాడి నోట్లో మన్ను పడ.”

“పడిందమ్మా. పోయిన నెల ఈ చేతుల్తో నేనే పోసినాను. వాడు నా కొడుకు.”