పులి గీరిన వ్యాను

షెడ్డులో పాత వ్యాను తలుపు మీదున్న పులిబొమ్మ స్టిక్కరును కోడలు ఊడదీస్తోంది. మామగారు స్టూలు మీద కూర్చుని తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్నారు.

"పందెం గుర్తుందిగా అమ్మాయ్? రంగు మీద గోరంత గీత పడినా వ్యాను నీ టైలరింగు షాపుకి రాదు."

"గుర్తుంది మామయ్యా. ఆ తాళమేదో ముందు మీ నోటికి వెయ్యండి."

"బ్లేడు పెట్టు, చిటికెలో పోతుంది."

"దాంతోపాటు నా వ్యానూ పోతుంది! డ్రయ్యరుతో వెచ్చబెడితే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు దారం దూర్చి రంపంలా లాగాలి."

"కుట్టే దారంతో కోస్తావా! ఔరా... అబ్బో, తోక లేచిందే!"

"తలకాయా లేస్తుంది, చూడండి."

"పైలం! దాని కిందే ఉంది అసలు గాయం. అడవి దారిలో నిజం పులి వెంటపడి పంజాతో గీరింది. అది కనబడకూడదనే ఈ బొమ్మ అతికించాను."

"మొన్న చెప్పినప్పుడు రెండు పులులు."

"రెండోది దాని పెళ్లాం."

"సరే, వాళ్లు గీరింది మాత్రం నా లెక్కలో వెయ్యకండి."

కోడలు మిగిలిన జిగురును నూనెగుడ్డతో తుడిచింది. కింద రంగు నిన్న వేసినట్టు నిగనిగలాడింది.

"మామయ్యా, గీత ఏదీ?"

ఆయన కళ్లజోడు సవరించుకుని, తలుపంతా అరచేత్తో తడిమి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"చెయ్యంటే నీదే తల్లీ! పులి గీరిన గీత కూడా ఊడొచ్చేసింది!"