తుప్పుకీ అనుమతి

మా మెట్లపైన వేలాడే ఇనుప బోర్డు నా బిడ్డ నెత్తిన పడుతుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. దాని కిందే కుట్టుమిషన్ పెట్టుకున్న పిన్నితో, బోర్డుల తనిఖీకి వచ్చిన ఆఫీసరు మాట్లాడటం కిటికీలోంచి విన్నాను.

"మీ అట్టబోర్డు తీసెయ్యాలమ్మా. అనుమతి లేదు."

"బట్టలు కుడతానని రాసుకుంటే ఊరు మునిగిందా బాబూ? పైన అంత ఇనుము ఊగుతోంది, కనబడదా?"

"దానికి అనుమతుంది."

"తుప్పుక్కూడా ఇచ్చారా?"

"మేం కొలతలే చూస్తాం. తుప్పు మా పని కాదు."

"ఆహా, ఏం చూపు! మరి ఎండలో నిలబడ్డావేం నాయనా? ఈ బోర్డు నీడకి రా."

"వద్దులెండి. ఇక్కడే బాగుంది."

ఆయన అట్ట పీకి పట్టుకుపోయాడు. నేను బిడ్డనెత్తుకుని అక్కయ్య ఇంటికి వచ్చేశాను. పిన్ని మాత్రం అక్కడే కుడుతోంది. మీరు అటుగా వెళితే, ఆమె మిషన్ చప్పుడు వినిపిస్తోందో లేదో కాస్త చూడండి.