కూతురి ముందు ఆగని పళ్లెం

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీన మన క్రైస్తవ బోధకుల శిక్షణాలయంలో ధర్మశాస్త్ర ఉపాధ్యాయులుగా అడుగుపెట్టి, మనందరి నోటా స్కేలు మాస్టారుగా స్థిరపడిన పెద్దలు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. నల్లబల్ల మీద చిన్న గీతైనా చెక్క స్కేలు లేకుండా గీయరు కనుక వచ్చిన పేరది. ఆ సంగతి వారికీ తెలుసు, ఒకటి రెండుసార్లు ముసిముసిగా నవ్వారు కూడా. ఆ నవ్వుతోనే ఈ వీడ్కోలు వ్యాసం ముగించాలని పక్క గదిలో సంగీతం నేర్పే ఈ సహోద్యోగికి ఉంది గానీ, మనసొప్పడం లేదు.

తొలినాళ్లలో వారి పాఠమంటే పక్క తరగతుల వాళ్లు కూడా కిటికీల దగ్గర మూగేవారు. జేబులోంచి చిన్న అద్దం తీసి ముందు బెంచీకి చూపించేవారు. దేవుడు ఆజ్ఞలిచ్చింది పాటించామని గొప్పలు పోవడానికి కాదని, ముఖాన మసి ఉందని తెలుసుకోవడానికని, అద్దం మసిని చూపిస్తుందే తప్ప కడగదని, కడుక్కోవాలంటే క్రీస్తు కృప దగ్గరికి పరుగెత్తాల్సిందేనని చెబుతుంటే ఎంతటివాళ్లకైనా కళ్లు చెమర్చేవి. అనంతరం వారు ఉపప్రధానాచార్యులై, మన ప్రార్థనాలయానికి సంఘపెద్దగా ఎన్నికై, క్రీస్తు బలిదానాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసపు గిన్నెల పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ తిరిగే బాధ్యత స్వీకరించారు.

వారి కుమార్తె భర్త చేత తన్నులు తిని తిని, విడాకులు తీసుకుని, మరొకరిని పెళ్లాడింది. అలాంటివారికి బల్ల లేదన్నది మన నియమం. తప్పిపోయినవాళ్లను వెనక్కి పిలవడానికే ఈ నియమమని కింద ఒక వాక్యం కూడా ఉంది. అది రాసింది మాస్టారే. ఒక ఆదివారం ఆ అమ్మాయి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తల్లి గిన్నె తీసుకున్నాక కూతురు చేయి చాపింది. పళ్లెం ఆగలేదు.

బయటికొచ్చాక ఆమె అడిగింది ఒక్కటే. “ఏ మచ్చా లేనివాళ్లకే అయితే ఈ బల్ల దేనికి నాన్నా?”

“నియమం అందరికీ ఒకటేనమ్మా,” అన్నారు మాస్టారు.

మరునాడు అద్దం పాఠం యథావిధిగా జరిగింది. అద్దం ఎప్పటిలాగే విద్యార్థుల వైపే తిరిగి ఉంది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

పళ్లెం ఆగని ఆ ఆదివారమే మాస్టారి సతీమణి తన గిన్నెను పెదవికి తాకించకుండా పళ్లెంలో తిరిగి పెట్టేశారు. నాటి నుంచి ప్రతి బల్లకూ వస్తారు, ముందు వరుసలో కూర్చుంటారు, పళ్లెం రాగానే చేతులు ఒడిలో పెట్టుకుంటారు. ఆమెకు ఏ నిషేధమూ లేదు. మాస్టారు అక్కడ ఒక్క క్షణం నిలబడి ముందుకు సాగిపోతారు. ఆ క్షణంలో ఆయన ముఖం చూడలేక మేమంతా తలలు వంచుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని భక్తి అనుకుంటారు.

ఉద్యోగంతో పాటే సంఘపెద్ద బాధ్యత కూడా ముగుస్తోంది కనుక, వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి పళ్లెం మరొకరి చేతికి వెళుతుంది. కూతురి ఇల్లు రెండు బస్సులు మారితే వస్తుంది. మూడో అంతస్తు, మెట్లు నిటారు. అవి ఎక్కి, తన ముఖాన ఉన్న మసి తనకు కనబడిందని ఆమెతో చెప్పేందుకు మాస్టారి మోకాళ్లకు సత్తువను, గుండెకు దిటవును, అందుకు చాలినంత నిండు ఆయుష్షును దేవుడు ప్రసాదించాలని సహోద్యోగులందరి పక్షాన కోరుకుంటున్నాం. తండ్రి పాటించిన నియమం ఆ బిడ్డకు ఒంటబట్టలేదని, తలుపు తట్టగానే తీస్తుందని కూడా ఆశిస్తున్నాం.