కుళాయికి కట్టిన ఎర్ర గుడ్డ

ఎవరి గురించన్నావ్? మీ తాత గురించా? ఆయనతో కాపురం చేసిన మీ నానమ్మ, మా చెల్లెలు, పక్క వీధిలో ఉండగా నేనే దొరికానా నీకు? ఆ, తెలుసులే, అది ఆ పేరెత్తదు. సరే, కూర్చో. ముందు ఆ కాగితం ఇంకోసారి చదువు. నాకు కూడబలుక్కోవడమే గానీ గడగడా చదవడం రాదు. "వాగుని కాపాడుకోవడానికి మన రంగుల కార్ఖానా ఎక్కిన మెట్లు." ఊఁ. "మొదటి మెట్టు, వాడిన నీళ్ళనే మళ్ళీ వాడే తొట్ల వరస. ఆలోచన..." అని నా పేరు. రేపు మీ ఆఫీసువాళ్ళు కార్ఖానా గేటు పక్కన రాతి మీద చెక్కిస్తారు, నాకు సమ్మతమేనని ఇవాళ దీనిమీద సంతకం చెయ్యాలి. అంతేగా? చేస్తాలే, రైలేం పోవట్లేదు. ఆ కిటికీ వెయ్యి, టపటపా కొట్టుకుంటోంది. వద్దు, తెరిచే ఉంచు, ఉక్కపోస్తోంది.

ఆ కార్ఖానాలో మీ తాతా నేనూ ఒకే షెడ్డులో పని. నేను రంగు మేస్త్రీని. నేను రంగు పట్టించిన తానుల్ని నీళ్ళలో జాడించడం ఆయన పని. పొడుగ్గా, కాస్త వంగి, చేతులెప్పుడూ నాని ముడతలు పడి ఉండేవాడు. ముక్కుతో మాట్లాడేవాడు. "నీళ్ళని పడుచుతనంలోనే వాగులోకి తోసేస్తున్నాం బావా, అవీ కాస్త ముసలివవ్వాలి కదా" అనేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటే ఆ నీళ్ళు మొక్క మొదట్లోనే పడాలి. పక్కన పడితే మీ నానమ్మకి ఆ పూట పాఠమే! అప్పట్లో ఒక్కో తానుకి నాలుగు జాడింపులు, నాలుగూ కొత్త నీళ్ళే, నాలుగూ వాగులోకే. కింద గుడ్డలుతుక్కునే ఆడవాళ్ళు వాగు చూసి చెప్పేవాళ్ళు, ఇవాళ నీలం వేస్తున్నారని. "మీ చేతులు పడిపోను" అని తిట్టేవాళ్ళు. నేను మీసం మెలేసుకునేవాణ్ణి. వాగు రంగు మారితేనే కార్ఖానా నడుస్తున్నట్టు, అదీ మా లెక్క. ఏంటా మొహం? అప్పుడందరం అంతే.

ఒక ఎండాకాలం కార్ఖానా బావి అడుగంటింది. పెద్ద యజమాని తల పట్టుక్కూర్చున్నాడు. అప్పుడు మీ తాత, నలభై మంది ముందు, నాతో ముందుగా ఒక్క ముక్క అనకుండా, "అయ్యా, పసుపుకి పోసిన ఆఖరి నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి, వాటితో ఎరుపు జాడించొచ్చు. ఎరుపువి నీలానికి, నీలానివి నలుపుకి. నలుపు ఎవరి మురికైనా కడుపులో దాచుకుంటుంది. కాకపోతే పొద్దున్నే నలుపుతో మొదలెట్టే ఈ పద్ధతి మానాలి" అన్నాడు. ఆ పద్ధతి ఎవరిది? నాది! ఇంటి మనిషివి కదయ్యా, విస్తరి ముందు చెప్పకూడదూ? యజమాని నావైపు తిరిగి, "మేస్త్రీ, రేపట్నుంచి పసుపు ముందు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. అది నేను మర్చిపోలేదు. ఇప్పుడూ మర్చిపోను, మీ తాతైతే మాత్రం.

అయినా మనిషి తెలివి మనిషిదే, ఒప్పుకోవాలి. వాడిన నీళ్ళు తొట్లలో పట్టి, ఏ తొట్టి కుళాయిలో ఏవో తెలియడానికి ఆ రంగు గుడ్డ పీలిక కట్టాడు. ఎవరికీ చదువు రాదుగా మరి. పసుపు పీలిక ఉంటే ఆ నీళ్ళు పసుపుకీ పోసుకోవచ్చు, ఎరుపుకీ పోసుకోవచ్చు. ఎరుపు పీలిక ఉంటే నీలానికీ నలుపుకీ మాత్రమే. పీలికలన్నీ నేను రంగేసిన తానుల అంచులే. రెండు నెలలు గడియారంలా నడిచింది. బావిలో నీళ్ళు నిలిచాయి. వాగు గట్టు మీదనుంచి ఒకావిడ, "ఏం నాయనా, కార్ఖానా మూసేశారా?" అనడిగింది, నీళ్ళు తేటగా కనబడి!

మంచినీళ్ళియ్యి. చాలు చాలు, సగం చాలు.

ఒకరోజు మధ్యాహ్నం పసుపు తానులు ఎనభై, ఎర్రమచ్చలు పడి, తట్టు పోసిన పిల్లల్లా తేలాయి. మీ తాత ఎర్రనీళ్ళ కుళాయి తిప్పేశాడు. యజమాని గుడ్లురిమాడు, "కళ్ళు కనబడవా? ఎర్ర గుడ్డ కట్టింది నువ్వే కదా?" అని. అందరం వెళ్ళి చూస్తే కుళాయికి ఎర్ర పీలికే, నిగనిగలాడుతూ. మీ తాత దాన్ని వేళ్ళతో తడిమి, "ఇది కొత్త గుడ్డ బావా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేటట్టు. నేను పైకే అన్నాను, "నీ కళ్ళు మసకబారాయి బావా" అని. అంతే. సాయంత్రం లెక్క తేల్చి పంపేశారు. మీ నానమ్మ నలుగురిలో తలెత్తుకోలేక, ఎనభై తానులు పాడుచేసినవాడివని రోజూ దెప్పేది. ఆయన దూరం ఊళ్ళో పనికెళ్ళి, అక్కడే పోయాడు.

ఇక్కడ మళ్ళీ నలుపు ముందు. పన్నెండేళ్ళు! వాగు మళ్ళీ పూటకో రంగు. చివరికి అధికార్లొచ్చి గేటుకి తాళం వేశారు, మూడు నెలలు పొయ్యి వెలగలేదు. అప్పుడు చిన్న యజమాని నా ఇంటికొచ్చాడు, "మేస్త్రీగారూ, అప్పట్లో ఏదో తొట్ల వరస ఉండేదటగా" అని. పొల్లుపోకుండా చెప్పాను. ఎవరిదో మాత్రం చెప్పలేదు. ఆయనా అడగలేదు. తర్వాత గొట్టాలు, మీటర్లు, నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకు, మీరు ఎక్కిన మిగతా మెట్లన్నీ నీకే బాగా తెలుసు. కానీ ఆ మొదటి మెట్టు దిగిపోయి పన్నెండేళ్ళు కార్ఖానా ఎందుకు ఆగిపోయిందో ఆ రాతి మీద రాయరు.

ఆ ట్రంకుపెట్టె తియ్యి. పంచెల కింద, అడుగున. ఆ పీలిక దొరికిందా? ఏం రంగది? పసుపే కదూ? నువ్వూ పసుపే అన్నావు, మీ తాతకీ పసుపులానే కనబడింది. ఇప్పుడు ముడి విప్పు. నిదానంగా, అది ఆయన వేసిన ముడి. లోపల చూడు. ఎండా ఆవిరీ తగలనిచోట ఎలా ఉందో చూడు. ఎరుపు! మెరుపు కోసం నా ఎరుపులో పసుపు కలిపేవాణ్ణి. ఎరుపు వెలిసిపోయి పసుపు మిగిలింది. నా ఎరుపు వెలిసిందని ఎవడైనా అంటే చెయ్యి నరుక్కుంటానని పందెం కాసినవాణ్ణమ్మా నేను. అందరూ మచ్చల తానుల చుట్టూ మూగినప్పుడు, దీన్ని ముడితో సహా జారలాగి జేబులో పెట్టుకుని, కొత్తది కట్టేశాను. చెయ్యి నరుక్కోలేక.

ఆ కాగితం అవతల పెట్టు, దాని సంగతి తర్వాత. నా చెప్పులెక్కడ? మా చెల్లెలు ఈపాటికి నిద్రలేచి ఉంటుంది. దానికి నువ్వు చెప్పకు, నేనే చెప్తాను, నువ్వు పక్కనుండు చాలు. అయ్యో, ఏడుస్తున్నావా? ఆ గుడ్డ ఇటియ్యి, తడపకు. అది నిలిచే రంగు కాదు.