మోచేతి గడియారం

"సమ్మె చేసింది మాస్టర్లు. జీతాలు పెరిగింది వాళ్లకి. నిన్న దండలు వేసిందీ వాళ్ల మెడలోనే. నలభైనాలుగు రోజులు, పిల్లాడన్నవాడు లేని బడికి, రోజూ ఎండనపడి వెళ్లి బెల్లు కొట్టినవాణ్ని నేను. నా గురించి ఏ పేపర్లోనన్నా ఒక్క ముక్క వచ్చిందా? నువ్వే చెప్పు చెల్లెమ్మా, వచ్చిందా?"

బడి గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని అడుగుతున్నాడు గంటాయన. ఆ బళ్లో అటెండరు. ఇరవయ్యేడేళ్లుగా అక్కడ బెల్లు కొడుతున్నాడు కాబట్టి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పదింటి బెల్లు కొట్టేసి, సుత్తి చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. ఆ సుత్తి ఇంకొకరి చేతికివ్వడు, ఇంటికెళ్లినా వెంటే ఉంటుంది.

కొట్టు నడిపే ఆవిడ, ఇంటర్వెల్ బెల్లు కాగానే మాస్టర్లు వస్తారని పాలు సన్న సెగ మీద పెట్టింది. పక్క కొట్టు దర్జీ యూనిఫాం చొక్కాల గుట్ట ఒళ్లో వేసుకుని బొత్తాలు కుడుతున్నాడు. బల్ల చివర ఎవరో కొత్తాయన, నెరిసిన మీసాలు, గోడకి నిచ్చెన ఆనించి, బల్ల కిందికి ఒక అట్టపెట్టె తోసి, నిదానంగా టీ తాగుతున్నాడు.

"ఎవరూ లేని బళ్లో బెల్లు ఎందుకు కొట్టావు బావా?" అన్నాడు దర్జీ.

"ఎందుకా? సమ్మె మాస్టర్లది, గంటది కాదు కదా! గంటకి యూనియన్ లేదు. మొదటిరోజు ప్రార్థన బెల్లు కొట్టాను. ఖాళీ గ్రౌండు. రెండోరోజు కొట్టాను, నాలుగు పావురాలు దిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి మూడొందల పావురాలు, నీ మీద ఒట్టు, క్లాసులవారీగా నిలబడ్డాయి. పొట్టివి ముందు, పొడుగువి వెనక. ఆలస్యంగా వచ్చిన పావురం లోపలికి రావడానికి మొహం చెల్లక గేటు మీదే కూర్చునేది."

"మరి ఇంటర్వెల్‌కి?" అంది టీకొట్టావిడ.

"కుళాయి దగ్గర తోసుకునేవి. కానీ పిల్లల కంటే నయం, ఒక్కటి కూడా కుళాయి విప్పేసి పోలేదు. అలాంటి నన్ను పట్టుకుని, విను, హెడ్ మేడం ఏమందో తెలుసా? పోయిన బడి రోజులు పూడ్చాలి కదా, ఇవాళ్టి నుంచి కొత్త టైంటేబుల్. తొమ్మిదింబావుకి మొదలయ్యే బడి ఎనిమిదింబావుకే. ముప్పావుగంట పీరియడ్ ముప్ఫైఅయిదు నిమిషాలే. రోజుకి పద్నాలుగు బెల్లులు. 'ఇన్ని మీవల్ల అవుతాయా, కరెంటు బెల్లుకి ఆర్డరిచ్చాను, ఇవాళ ఒక్క బెల్లు తప్పినా అది బిగించేస్తాను' అంది! నన్ను! పొద్దున్న నాలుగు బెల్లులకీ చేతిగడియారం పట్టుకుని నా పక్కనే నిలబడింది, నేనేదో పలక పట్టుకుని కొత్తగా బళ్లో చేరినట్టు! ఒళ్లు మండిపోయింది. 'మీరు గదిలోకి వెళ్లండి మేడం, నాకు గడియారం అక్కర్లేదు, నా మోచెయ్యి ఉంది' అన్నాను."

"మోచెయ్యేమిటి?"

"కుడి మోచెయ్యి. బెల్లు టైమయ్యేసరికి చీమ పాకినట్టు దురద పుడుతుంది. ఇరవయ్యేడేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. జ్వరమొచ్చి మంచంలో ఉన్నా ఇంటర్వెల్‌కి గోక్కుంటాను, మా ఆవిణ్ని అడుగు. కరెంటు పోతే ఆ కరెంటు బెల్లు ఏం గోక్కుంటుంది?"

బల్ల చివరి ఆయన నవ్వాపుకోవడానికి గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. అంతలో ఆయన ఫోను మోగింది. ఎవరో చూసి, దాని నోరు నొక్కేసి, బోర్లా పెట్టాడు.

"సరే, పావురాలు చదువుకున్నాయి. సమ్మె ఎలా ఆగింది?" అన్నాడు దర్జీ.

"నా బెల్లుతోనే ఆగింది! మాస్టర్ల శిబిరం ఎక్కడ వేశారు? ఆఫీసు ముందు, ఇక్కడికి రెండు మైళ్లు. నా దెబ్బ అంతదూరం వినబడుతుంది. నేను ఇక్కడ మొదటి పీరియడ్ కొట్టగానే అక్కడ లెక్కల మాస్టారు నినాదం సగంలో ఆపేసి లేచాడు. మనసు సమ్మెలో ఉంది, కాళ్లు నా బెల్లు మాట వింటాయి కదా. జేబులోంచి సుద్దముక్క తీసి, ఎదురుగా కాపలా ఉన్న పోలీసు డాలు మీద లెక్క రాశాడు. రెండో బెల్లుకి సైన్సు మేడం. మూడో బెల్లుకి తెలుగు మాస్టారు. నెల తిరిగేసరికి ఆ పోలీసులు పదోతరగతి పాఠాలన్నీ పూర్తిచేశారు. ఒకాయన ఉద్యోగం మానేసి ట్యూషన్లు చెబుతున్నాడట."

"హోంవర్కు ఇచ్చేవారా?"

"ఇవ్వరూ మరి! చెయ్యనివాణ్ని వాళ్ల ఇన్‌స్పెక్టరే గుంజీళ్లు తీయించేవాడు. ఆ తర్వాత చర్చలు. పెద్దాఫీసరు ఒకవైపు, సంఘం వాళ్లు ఒకవైపు, పద్దెనిమిది గంటలు అరుచుకున్నారు, ఒక్కరు తగ్గితే ఒట్టు. చివరికి తల ప్రాణం తోకకొచ్చి నాకు కబురు పెట్టారు. సుత్తి పట్టుకుని వెళ్లాను. ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడి ఇనప బీరువా మీద ఇంటర్వెల్ కొట్టాను, మూడు దెబ్బలు. అందరూ లేచి టీకి పోయారు. పది నిమిషాలాగి మళ్లీ కొట్టాను. నోరు మూసుకుని లోపలికొచ్చి, ఎవరి చోట వాళ్లు కూర్చుని, సంతకాలు పెట్టేశారు. ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు పేపర్లో ఫొటో ఎవరిది వేశారు? ఆఫీసరుది! పక్కన బీరువా కూడా ఉంది ఫొటోలో. నేను లేను. బీరువాకున్న విలువ నాకు లేదు!"

ఈసారి అబద్ధంలో నిజమైన కోపం ఉంది. టీకొట్టావిడ అడక్కుండానే ఇంకో గ్లాసు నింపి చేతికిచ్చింది.

"టైంటేబుల్ కూడా నువ్వే వేశావా అన్నయ్యా?"

"మరి మేడం వేసిందనుకుంటున్నావా? పదకొండుమంది మాస్టర్లు, తొమ్మిది కాలిక్యులేటర్లు, మూడురోజులు తన్నుకున్నారు. నలభైనాలుగు రోజుల పాఠాలు ఎక్కడ పెట్టాలి? ఆదివారాలు కలిపారు, చాల్లేదు. సెలవులు కోసేశారు, చాల్లేదు. ఆటల పీరియడ్ కూడా తీసేస్తామన్నారు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు, పిల్లలు ఏం పాపం చేశారు? సమ్మె చేసింది వాళ్లా? వాళ్ల ఆట మీదే అందరి కన్నూనా? 'జరగండి' అన్నాను. గ్రౌండులోకి వెళ్లి పన్నెండింటి బెల్లు పదకొండింటికే కొట్టాను. ఏమైందనుకున్నావు?"

"ఏమైంది?"

"సూర్యుడు తడబడ్డాడు! తానే ఆలస్యమయ్యాననుకుని, పాపం, గబగబా నడినెత్తికి వచ్చేశాడు. నీడలన్నీ కాళ్ల కిందికి చేరిపోయాయి. గంట మిగిలింది. మర్నాడు రెండు గంటలు మిగిల్చాను. అలా మిగిల్చిన గంటలన్నీ కుప్పపోస్తే వారానికి రెండు గురువారాలు తేలాయి. మొదటి గురువారం లెక్కలు, రెండో గురువారం సైన్సు. క్యాలెండర్లు అచ్చువేసే ఆయన వచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు, 'ఇలాగైతే కొత్త సంవత్సరం ఏ తారీఖున వెయ్యమంటారు' అని. 'రేపు సాయంత్రం లాంగ్ బెల్లు తర్వాత చెబుతాను, అప్పటిదాకా కూర్చో' అన్నాను. కూర్చున్నాడు! సూర్యుడే ఇప్పుడు పొద్దున్నే మా బడి గోడ మీంచి తొంగిచూసి, నేను సుత్తి ఎత్తితేనే పైకొస్తున్నాడు. అలాంటి చేతిని, చూడు ఈ చేతిని, అట్టపెట్టెలో వచ్చే ఒక బొత్తాం బెల్లుతో పోలుస్తుందా మేడం? ఇరవయ్యేడేళ్లు! ఒక్క బెల్లు తప్పానా? ఒక్కటంటే ఒక్కటి?"

పొయ్యి మీద పాలు సగానికి దిగి, మీగడ మందంగా కట్టింది. బల్ల చివరి ఆయన ఫోను మళ్లీ మోగి ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. మీ కొత్త టైంటేబుల్లో ఇంటర్వెల్ ఎన్నింటికి?"

"పదీ ముప్ఫైఅయిదుకి. నేను పెట్టిందే కదా."

"ఇప్పుడు ఎంతయింది?"

"నాకు గడియారంతో పనేమిటి, చెప్పాను కదా, మోచెయ్యి ఇంకా..." అని గంటాయన ఆగిపోయాడు.

టీకొట్టావిడ వెనక్కి తిరిగి, డబ్బాల వెనక ఉన్న గడియారం మీది పొగ చెంగుతో తుడిచింది. "పదకొండుకి అయిదు తక్కువ అన్నయ్యా," అంది మెల్లగా. "నేనూ చూసుకోలేదు. నీ బెల్లు వినే కదా నేను పాలు దించేది."

రోడ్డుకి అవతల బడి నిశ్శబ్దంగా ఉంది. కిటికీల్లో పిల్లల తలలు గేటువైపే తిరిగి ఉన్నాయి. ఒక పిల్ల పై అంతస్తు నుంచి ఖాళీ నీళ్ల సీసా ఊపుతోంది.

దర్జీ సూది చొక్కాకి గుచ్చి ఆపాడు. "బావా, పావురాలకి చెప్పావు, పోలీసులకి చెప్పావు, సూర్యుడికి కూడా చెప్పావు. ఆ మోచేతికి మాత్రం కొత్త టైంటేబుల్ చెప్పడం మర్చిపోయావా?"

దర్జీ పకపకా నవ్వాడు. గంటాయన సుత్తి గట్టిగా పట్టుకుని గబుక్కున లేచాడు. కానీ బల్ల చివరి ఆయన కూడా లేచాడు. వంగి, బల్ల కింది అట్టపెట్టె ఇవతలికి లాగాడు. పెట్టె మీద గుండ్రటి బెల్లు బొమ్మ ఉంది.

దర్జీ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నేను ఎలక్ట్రీషియన్ని," అన్నాడాయన, తప్పు తనదే అన్నట్టు నేల చూస్తూ. "మేడం నన్ను ఇక్కడ కూర్చోమన్నారు. 'పదీ ముప్ఫైఅయిదుకి బెల్లు వినబడితే పెట్టె వెనక్కి తీసుకెళ్లిపోండి. వినబడకపోతే లోపలికి రండి' అన్నారు. మీరు పోలీసుల కథ చెబుతున్నప్పుడే లేవాల్సింది పెద్దాయనా. లేవలేకపోయాను. మేడం రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. మీకే గుర్తొస్తుందేమో, పరిగెత్తుకెళ్లి కొడతారేమో అని ఇరవై నిమిషాలు చూశాను. ఇంక నా పని పోతుంది."

గంటాయన నోరు తెరిచాడు. ఏదో ఒక మాట అంటాడని ముగ్గురూ ఎదురుచూశారు. నిజంగా అనాలనే కోరుకున్నారు, ఎంత పెద్ద కోతైనా సరే. ఆయన మాత్రం చేతిలో సుత్తివంక చూసుకుని, దాన్ని తెచ్చి టీ గ్లాసు పక్కన బల్ల మీద పెట్టాడు.

"ఆ నిచ్చెన నీ ఒక్కడివల్ల కాదు," అన్నాడు. "గేటు దగ్గర మలుపుంది. వెనక కొస నేను పడతాను, పద."

ఇద్దరూ నిచ్చెన మోసుకుంటూ రోడ్డు దాటారు. గేటు దగ్గరికి వెళ్లాక గంటాయన నిలబడిపోయాడు. ముందున్నాయన ఏమిటని వెనక్కి చూశాడు. గంటాయన నిచ్చెన కొసని ఎడమ భుజం మీదికి జరుపుకుని, కుడి మోచెయ్యి బరబరా గోక్కున్నాడు.

టీకొట్టావిడ గడియారం వైపు తిరిగింది. సరిగ్గా పదకొండు, పాత ఇంటర్వెల్ టైము.